ఎముకలో గీత ఉంటే ఏడాది గడిచినట్టేనా?

జనవరి నుంచి మార్చి దాకా విశాఖ బీచ్‌లోనో, కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలోనో పొద్దున్నే నడిచేవాళ్లకి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్ర తాబేళ్లు కనిపిస్తుంటాయి. ఆలివ్ రిడ్లే జాతివి. గుడ్లు పెట్టడానికి తీరానికి దగ్గరగా వచ్చి, ట్రాలర్ల వలల్లో చిక్కుకుని, పైకి వచ్చి గాలి పీల్చుకునే దారి లేక చనిపోయినవే వాటిలో ఎక్కువ. చుట్టూ నలుగురు చేరతారు, ఒకరు ఫోన్ తీసి ఫోటో కొడతారు. ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఇది: "పాపం, వందేళ్లు బతికినదేమో!"

తాబేలు కనబడగానే వందేళ్లు అనేయడం మనకి అలవాటు. నిజంగా దాని వయసెంత అంటే, పైనుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. డిప్ప పొడవు రెండడుగులు, కాస్త అటూ ఇటూ. గుడ్లు పెట్టే ఈడు వచ్చాక పెరుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి పదిహేనేళ్లదీ, నలభయ్యేళ్లదీ పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. కొన్ని నేల తాబేళ్లకి డిప్ప పలకల మీద వలయాలు ఉంటాయి, చిన్న వయసులో అవి కొంత పనికొస్తాయి, తర్వాత అరిగిపోతాయి. పోనీ పళ్లు చూద్దామా అంటే, దానికి అసలు పళ్లే లేవు.

పళ్ల మాట ఊరికే రాలేదు. పశువుల వయసు చెప్పాలంటే మన రైతు ముందు మూతి పైకెత్తి పళ్లు చూస్తాడు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో విభాగాలు కూడా పళ్లను బట్టే: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. కింది దవడ ముందు భాగంలో పాలపళ్లు ఊడి, వాటి చోట జతలు జతలుగా శాశ్వత పళ్లు వస్తాయి. సుమారు రెండు, రెండున్నరేళ్లకి మొదటి జత వస్తే, నాలుగైదేళ్లకి ఎనిమిదీ పూర్తవుతాయి. ఆ తర్వాత మిగిలేది అరుగుదల చూసి వేసే అంచనా. ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, కానీ జీవితంలో ఒక్కసారి మాత్రమే పళ్లు మార్చుకునే జంతువులకే. మొసళ్లకి, డైనోసార్లకి పళ్లు బతికినన్నాళ్లూ ఊడుతూ మళ్లీ మొలుస్తూనే ఉంటాయి. కాబట్టి వాటి నోట్లో వయసు దొరకదు.

దొరికేది ఎముకలో. తాబేలు ముందు తెడ్డులో, భుజం దగ్గరున్న లావుపాటి ఎముకని అడ్డంగా కోసి, పల్చటి బిళ్లగా తీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో కనిపించినట్టు వలయాలు కనిపిస్తాయి. ఒక్కో వలయానికి ఒక్కో ఏడాది, లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. పిల్లల పుస్తకాల్లోనూ, సగం వార్తల్లోనూ విషయం ఇక్కడితో ముగుస్తుంది. అసలు చిక్కంతా మొదలయ్యేది మాత్రం ఇక్కడే.

ముందు రెండు వేరే సంగతుల్ని పక్కకి తప్పిద్దాం, ఎందుకంటే జనం వీటిని దీంతో కలిపేస్తుంటారు. మొదటిది కార్బన్ డేటింగ్. అది ఒక జీవి ఎప్పుడు చనిపోయిందో చెబుతుంది, ఎంత వయసులో చనిపోయిందో కాదు. పైగా సుమారు 50,000 ఏళ్లు దాటితే దానికి చేతకాదు, డైనోసార్ల జోలికి అసలు రాలేదు. రెండోది, కుర్రాళ్ల క్రికెట్‌లో వయసు దొంగతనం పట్టుకోవడానికి బీసీసీఐ చేయించే మణికట్టు ఎక్స్‌రే. అందులో చూసేది పెరిగే ఎముకల కొనలు ఎంతవరకు అతుక్కున్నాయనేది. అవి పూర్తిగా అతుక్కున్నాక ఆ ఎక్స్‌రే ఇంకేమీ చెప్పదు. మనం మాట్లాడుకుంటున్నది ఈ రెండూ కాదు. ఎముక అడ్డకోతలో ఉండే గీతల గురించి.

ఎముక ఎలా లావెక్కుతుందో తెలిస్తే గీతల సంగతి సులువవుతుంది. దీనికో సరదా కథ ఉంది. 1736లో జాన్ బెల్చియర్ అనే లండన్ సర్జన్ ఒక బట్టల అద్దకం వ్యాపారి ఇంట భోజనానికి కూర్చున్నాడు. వడ్డించిన పంది మాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అద్దకం వేసిన గుడ్డలకి అంటిన ఎక్కువ రంగును తవుడు నీళ్లలో వదిలించి, ఆ తవుడు పారేయకుండా పందులకి పెడుతున్నారు. ఆ రంగు మన మంజిష్ఠకి దగ్గరి చుట్టమైన ఒక మొక్క వేరు నుంచి వచ్చేది. (ఇంగ్లండులో ఆ అద్దకం పరిశ్రమ పెరిగిందే మచిలీపట్నం లాంటి చోట్ల నుంచి వెళ్లిన మన గుడ్డల్ని చూసి నకలు చేయబోయి. ఆ పందుల ఎముకల ఎరుపులో మన వాటా కూడా కొంచెం ఉందన్నమాట.) కొద్దికాలానికే ఫ్రాన్స్‌లో డ్యూహమెల్ అనే ఆయన దీన్ని పట్టుకుని ప్రయోగాలు చేశాడు. జంతువులకి కొన్నాళ్లు ఆ వేరు కలిపిన తిండి, కొన్నాళ్లు మామూలు తిండి పెట్టి, తర్వాత ఎముక కోసి చూశాడు. ఒక ఎర్ర పొర, ఒక తెల్ల పొర, మళ్లీ ఎర్ర పొర. ఎముక చుట్టూ ఉండే పల్చటి తొడుగు బయటివైపు కొత్త పొర వేస్తూ పోతుంది, అందువల్లే ఎముక లావెక్కుతుంది. డ్యూహమెల్ చెట్ల మీద కూడా లోతుగా పనిచేసినవాడు, బెరడు కింద కొయ్య చేరే తీరుతో దీన్ని పోల్చడం ఆయనకి సహజంగానే తోచింది.

ఆ పోలిక సగమే నిజం. ఆ మిగతా సగం సంగతికి తర్వాత వస్తాను.

జంతువు బాగా తిని బాగా పెరుగుతున్న కాలంలో తొడుగు గబగబా ఎముకని పేరుస్తుంది. ఆ భాగం వెడల్పుగా, రక్తనాళాల రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. చలి వచ్చో, ఎండలు ముదిరి నీళ్లు తగ్గో తిండి కరువైతే పెరుగుదల నెమ్మదిస్తుంది, సన్నటి చిక్కటి పట్టీ పడుతుంది. పూర్తిగా ఆగిపోతే ఆ ఆగిన చోట ఒక గీత మిగులుతుంది. మళ్లీ వానలు పడి తిండి దొరికితే గీత పైన కొత్త వెడల్పు పట్టీ మొదలు. సిమెంటు పని చేసే మేస్త్రీని అడగండి, నిన్న ఆపిన చోటికి ఇవాళ పోసిన కాంక్రీటుకి మధ్య అతుకు కనపడుతుందంటాడు. ఇదీ అలాంటిదే.

మటన్ కొట్టులో నల్లి బొక్క కొట్టించుకుని ఈ గీతల కోసం వెతికితే మాత్రం కనపడవు. మామూలు కంటికి అందేంత ముతకగా ఉండవు, పైగా కొట్టుకొచ్చే మేకపోతుల్లో చాలావాటికి రెండో ఏడు కూడా నిండి ఉండదు. కప్పకయితే ఒక వేలి కొన చాలు, ప్రాణం తీయక్కర్లేదు. ఆ చిన్న ఎముకని ఆమ్లంలో నానబెట్టి సున్నం అంతా కరిగించి మెత్తబరుస్తారు, మిల్లీమీటరులో వందో వంతు మందాన ముక్కలు తరుగుతారు, హెమటాక్సిలిన్ అనే రంగు వేస్తారు. గీతలు ఆ రంగును మిగతా ఎముక కంటే ఎక్కువగా పట్టుకుని ముదురు ఊదాగా తేలతాయి. శిలాజమైతే అది రాయి. జిగురులో పోతపోసి, వజ్రపు రంపంతో కోసి, గాజు పలకకి అతికించి, వెలుగు అటునుంచి ఇటు వచ్చేదాకా అరగదీయాలి.

ఇక చిక్కు దగ్గరికి. గీత అంటే ఏడాది అని ఎముక మీద ఎవరూ రాసిపెట్టలేదు. గీత చెప్పేది ఒక్కటే: ఇక్కడ పెరుగుదల ఆగింది. ఎందుకు ఆగింది, ఏడాదికోసారే ఆగిందా అనేవి వేరే ప్రశ్నలు, వాటికి జవాబు గీతలో ఉండదు, బయటి నుంచి తేవాలి. ఒక ఏడాది కరువు వచ్చి మధ్యలో ఇంకోసారి ఆగితే అదనంగా గీత పడొచ్చు. ఒకే గీత రెండుగా చీలి, ఎముకలో ఒకవైపు ఒకటిగా, మరోవైపు రెండుగా కనిపించొచ్చు. లెక్కపెట్టే ఇద్దరిలో ఒకరు ఏడంటారు, ఒకరు తొమ్మిదంటారు. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు ఏ ముక్క ఏ జంతువుదో చూసుకోకుండా, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా లెక్కిస్తారు.

చలిదేశాల్లో మంచు కింద ఆరు నెలలు నిద్రపోయే కప్పకి ఏడాదికో గీత పడుతుందంటే ఎవరైనా నమ్ముతారు. మన దగ్గర మంచు ఎక్కడిది? ఉష్ణమండలపు జంతువులకి గీతలు పడవనీ, పడినా నమ్మలేమనీ చాలాకాలం ఒక అనుమానం ఉండేది. ధార్వాడలో కర్ణాటక్ విశ్వవిద్యాలయంలో పంచరత్న బృందం 2000 తర్వాత మన ప్రాంతపు కప్పల వేళ్లను, కాళ్ల ఎముకలను కోసి చూస్తే గీతలు ఉన్నాయి. మనకి చలికాలం పెద్దగా లేకపోయినా వానలు వెళ్లిపోయాక వచ్చే పొడి నెలలున్నాయి. కప్పకి ఆ నెలలు బురదలో దాక్కుని గడిపే రోజులు. మన టేకు మొద్దులో వలయాలు స్పష్టంగా కనిపించడానికీ కారణం దాదాపు ఇదే, ఎండాకాలంలో ఆకు రాల్చి చెట్టు కూడా ఆగుతుంది.

అయినా అనుమానం అనుమానమే. గీత ఏడాదికోసారి పడుతుందని రుజువు చేయడానికి వయసు ముందే తెలిసిన జంతువు కావాలి. ఆ రుజువు తెచ్చిన దారులు రకరకాలు. ఒకటి ఆక్సీటెట్రాసైక్లిన్, పశువైద్యంలో మామూలుగా వాడే యాంటీబయాటిక్. ఇది ఒంట్లోకి వెళ్లాక అప్పుడు పేరుతున్న ఎముకలో ఇరుక్కుపోతుంది (చిన్నపిల్లలకి టెట్రాసైక్లిన్ రాయకపోవడానికి కారణం ఇదే, పళ్లు పచ్చబడతాయి). తాబేలుకి ఇంజెక్షన్ ఇచ్చి, గుర్తు వేసి వదిలేస్తారు. కొన్నేళ్ల తర్వాత దాని ఎముక చేతికొస్తే అతినీల కాంతి కింద ఆ నాటి పొర పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపుకి బయట ఎన్ని గీతలున్నాయో చూడటమే. రెండోది, పిల్లలుగా ఉన్నప్పుడే గుర్తు పెట్టి సముద్రంలో వదిలినవాటి కోసం ఓపిగ్గా ఎదురుచూడటం. మన ఆలివ్ రిడ్లేకి తోడబుట్టిన జాతి కెంప్స్ రిడ్లే, మెక్సికో గల్ఫ్‌లో ఉంటుంది. అలా వదిలిన కెంప్స్ రిడ్లేలు చనిపోయి దొరికినప్పుడు అమెరికాలో మెలిస్సా స్నోవర్, అలెటా హోన్ వాటి ఎముకలు చూసి 2004లో ప్రకటించిన ఫలితం: ఏడాదికో గీత, నిజమే.

మూడోదారి వింతయినది. 1950ల్లో, 60ల మొదట్లో అగ్రదేశాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి గాలిలో కార్బన్-14ని దాదాపు రెండింతలు చేశాయి. అది సముద్రంలో కలిసి, అక్కడి జంతువుల ఒంట్లో చేరింది. ఎముకలోనో వెన్నుపూసలోనో ఆ పెరుగుదల ఏ వలయంలో మొదలైందో చూస్తే ఆ వలయానికి తారీఖు వేసినట్టే. తిమింగలం సొరకి, అంటే వేల్ షార్క్‌కి, వెన్నుపూసలో వలయాలుంటాయి (సొరకి ఉండేది ఎముక కాదు, మృదులాస్థి, కానీ వలయాలు పడతాయి). అవి ఏడాదికి ఒకటా, రెండా అని ఎన్నాళ్లో గొడవ. రెండైతే వయసు సగానికి పడిపోతుంది. పాకిస్తాన్, తైవాన్‌లలో దాచి ఉంచిన వెన్నుపూసల్ని ఈ బాంబు కార్బన్‌తో సరిపోల్చి 2020లో తేల్చారు: ఏడాదికి ఒకటే. పాకిస్తాన్ తీరంలో దొరికిన పది మీటర్ల సొర యాభయ్యేళ్లది.

లెక్క తప్పితే ఏమవుతుందని అడిగేవాళ్లకి ఆరెంజ్ రఫీ చేప కథ చెప్పాలి. చేపల వయసు చెవిరాయిలో చూస్తారు, తలలో ఉండే సున్నపు బిళ్ల అది. మన గొరక, కచిడి చేపల తల కోసినవాళ్లు ఆ రాళ్లని చూసే ఉంటారు, ఆ కుటుంబంలో అవి బాగా పెద్దవి. న్యూజిలాండ్ లోతు సముద్రంలో ఆరెంజ్ రఫీని 1970ల చివర్లో పెద్దఎత్తున పట్టడం మొదలుపెట్టారు, మామూలు చేపలాగే త్వరగా పెరిగి త్వరగా పిల్లల్ని పెడుతుందనుకుని. చెవిరాయిని కోసి సరిగా లెక్కపెట్టేసరికి తెలిసింది, అది వందేళ్లు పైబడి బతుకుతుంది, పిల్లలు పెట్టే ఈడు రావడానికే దశాబ్దాలు పడుతుంది. ఈలోగా వలలు చాలామటుకు ఖాళీ చేసేశాయి.

ఇప్పుడు చెట్టు పోలికలోని మిగతా సగం.

చెట్టు తన లోపలి వలయాల్ని ముట్టుకోదు. ఎముక అలా కాదు. బయట పొర వేస్తూనే లోపల తవ్వుకుంటుంది, మూలుగ ఉండే గొట్టం వెడల్పవుతూ వస్తుంది. చిన్నప్పటి గీతలు మొదట మాయమయ్యేవి. ఇరవై ఏళ్ల తాబేలు ఎముకలో పది గీతలే మిగలొచ్చు. అది చాలనట్టు, మిగిలిన ఎముకని కూడా శరీరం అక్కడక్కడా తవ్వి మళ్లీ నింపుతుంటుంది. మనుషుల్లో ఈ మరమ్మత్తు మరీ ఎక్కువ, అందుకే మన ఎముకలో ఇలా ఏళ్లు లెక్కపెట్టడం కుదరదు. పాత డైరీలో మొదటి పేజీలు చిరిగిపోయి, మధ్య పేజీల మీద కొత్త రాతలు పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

చిరిగిన పేజీలు ఎన్నో కనిపెట్టడమే ఈ విద్యలో కష్టమైన భాగం, నా లెక్కన తెలివంతా చూపించాల్సిన భాగం కూడా. ఒక మార్గం, అదే జాతి పిల్ల ఎముకలు తెచ్చుకోవడం. పిల్ల ఎముకలో మొదటి గీత వలయం అడ్డంగా ఎంత వెడల్పు ఉందో కొలిచి, పెద్దదాని మూలుగ గొట్టం అంతకంటే ఎంత పెద్దదో చూసి, మాయమైనవి ఇన్ని ఉండొచ్చని వేస్తారు. తాబేళ్లలో దీనివల్ల ఇంకో లాభం: గీత వలయం వెడల్పుకీ ఆ వయసులో డిప్ప పొడవుకీ లంకె ఉంటుంది కాబట్టి, ఒక్క ఎముక నుంచి అది ఏ ఏడు ఎంత పెరిగిందో వెనక్కి వెళ్లి రాసుకోవచ్చు.

రెండో మార్గం, తక్కువ తవ్వుకునే ఎముకని ఎంచుకోవడం. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో సూ అనే టైరనోసారస్ రెక్స్ అస్థిపంజరం ఉంది, 1990లో దక్షిణ డకోటాలో దొరికింది, 1997 వేలంలో 83.6 లక్షల డాలర్లు పలికింది. అది సుమారు 6.7 కోట్ల ఏళ్ల కిందటిది, కానీ ఎన్నేళ్లు బతికింది? తొడ ఎముక లాంటి బరువు మోసే ఎముకల్లో గొట్టం పెద్దదై పాత గీతలు పోయాయి. అందుకని గ్రెగరీ ఎరిక్సన్ బృందం పక్కటెముకలు, కాలిలోని సన్న ఎముక లాంటి పెద్దగా బరువు పడని వాటిని వెతికింది. 2004లో వాళ్లు వేసిన లెక్క ప్రకారం సూ చనిపోయేనాటికి వయసు 28. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఆ జాతి రోజుకి రెండు కిలోలకు పైగా బరువు పెరిగిందని, ఇరవయ్యో ఏటికల్లా పెరుగుదల దాదాపు ముగిసిందని తేల్చారు. అంత రాక్షసి జంతువు ముప్పై ఏళ్లు నిండకుండానే పోయిందంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు.

ఒక్కోసారి ఎముక మార్చినా పేచీ తీరదు. లెదర్‌బ్యాక్ సముద్ర తాబేలుకి భుజపు ఎముక పనికిరాదు. దాని కనుగుడ్డు చుట్టూ ఉంగరంలా అమరిన చిన్న చిన్న ఎముక పలకలుంటాయి, గీతలు వాటిలో చూస్తారు. 1996లో జార్జ్ జుగ్, జేమ్స్ పర్హామ్ వాటిని చూసి 13, 14 ఏళ్లకే ఈడుకొస్తుందన్నారు. 2009లో లారిసా అవెన్స్ బృందం పశ్చిమ అట్లాంటిక్ లెదర్‌బ్యాక్‌ల అవే పలకలు చూసి 24.5 నుంచి 29 ఏళ్లంది. ఒకదానికి ఇంకోటి రెట్టింపు. తాబేలు ఎన్నేళ్లు బతికి బట్టకడితే ఒక్కసారైనా గుడ్లు పెడుతుందనే ప్రశ్నకి జవాబు సగానికి సగం మారిపోతుందంటే, ఇది మైక్రోస్కోప్ ముందు కూర్చున్న ఇద్దరి మధ్య గొడవ మాత్రమే కాదు.

అందువల్ల ఎముక చూసి చెప్పే వయసుకి ముందు "కనీసం" అనే మాట చేర్చుకుని చదవడం మంచిది. వార్తల్లో ఆ మాటే మొదట రాలిపోతుంది.

ఈ గీతలతో ఇంకో పెద్ద అపోహ కూడా అల్లుకుపోయింది. కప్పలు, బల్లులు, తాబేళ్లు చల్లని రక్తపు జంతువులు, వాటికి గీతలుంటాయి. డైనోసార్లకీ గీతలున్నాయి. కాబట్టి డైనోసార్లూ చల్లని రక్తపువే. వినడానికి ఎంత నేరుగా ఉందో! వెచ్చని రక్తపు జంతువులు ఏడాది పొడుగునా ఆగకుండా పెరుగుతాయి, వాటికి గీతలు పడవు అనే నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకాన్ని పూర్తిస్థాయిలో పరీక్షించినది 2012లో. బార్సిలోనాకి చెందిన మైకె కోలర్ బృందం ఉష్ణమండలం నుంచి ధ్రువ ప్రాంతం దాకా వందకి పైగా అడవి జంతువుల ఎముకలు కోసింది, అన్నీ నెమరువేసేవే, జింకలు, దుప్పుల బాపతు. అన్నింటికీ గీతలున్నాయి. వెచ్చని రక్తం ఉన్నా కరువు కాలంలో అవి పెరుగుదల ఆపేస్తున్నాయి, మంచి కాలంలో గబగబా పెరుగుతున్నాయి. గీత రక్తం వేడిని కాదు, కాలం తీరును చెబుతోందన్నమాట. దీనితో డైనోసార్లు వెచ్చని రక్తపువని రుజువైపోలేదు, గీతలున్నాయి కాబట్టి కాదనే వాదన మాత్రం పోయింది. ఈ రెంటికీ తేడా మరిచిపోయి అప్పట్లో పత్రికలు ఎగబడి రాశాయి.

మరి కోడికి గీతలెందుకు లేవు? ఆగే అవసరమే రాదు. బ్రాయిలర్ కోడి నలభై రోజుల్లో కూరకొచ్చేస్తుంది, నాటుకోడి కూడా ఏడాది తిరగకుండానే పెద్దదవుతుంది. ఇప్పటి పక్షుల్లో దాదాపు అన్నీ అంతే, మొదటి కరువు కాలం వచ్చేలోపే పెరగడం పూర్తి. దీనికి పేరుపడ్డ మినహాయింపులు న్యూజిలాండ్‌లో ఉన్నాయి. మనుషులు వేటాడి అంతరింపజేసిన మోవా అనే ఎగరలేని భారీ పక్షుల ఎముకల్లో గీతలు చూసి, అవి పూర్తిగా ఎదగడానికి పదేళ్ల దాకా తీసుకున్నాయని 2005లో తేల్చారు. నేల మీద తిరిగి వేటాడే జంతువులు లేని దీవిలో తొందరేముంది, తీరిగ్గా పెరిగాయి. బరిసెలు పట్టుకుని మనిషి దిగాక ఆ తీరికే కొంప ముంచింది.

పెరుగుదల పూర్తయ్యాక కూడా ఎముక ఒక గుర్తు మిగులుస్తుంది. బయటి అంచున గీతలు ఒకదానిమీద ఒకటి అంటుకుపోయినట్టు కిక్కిరిసి పడతాయి. అది కనిపిస్తే జంతువు ఎదిగిపోయినట్టే, కనిపించకపోతే ఇంకా పెరిగే వయసే. ఈ ఒక్క అంచు మీద డైనోసార్ లోకంలో ఏళ్ల తరబడి కోట్లాట జరిగింది. అమెరికాలో దొరికిన కొన్ని చిన్నసైజు టైరనోసార్‌లు విడి జాతివా, లేక టీ రెక్స్ పిల్లలా? 2020లో హోలీ వుడ్‌వర్డ్ బృందం జేన్, పీటీ అనే రెండింటి ఎముకలు కోసి, వయసు పదమూడు, పదిహేను ప్రాంతం, ఇంకా పెరుగుతున్నాయి, కాబట్టి టీ రెక్స్ కుర్రకారే అంది. చాలామంది కథ ముగిసిందనుకున్నారు. 2025లో నార్త్ కరొలైనా మ్యూజియంలోని ఇంకో అస్థిపంజరాన్ని లిండ్సే జానో, జేమ్స్ నాపోలి పరీక్షించారు. ఇది ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ పక్కనే పడి ఉండి దొరికింది. సైజు చిన్నదే, కానీ అంచున గీతలు కిక్కిరిసి ఉన్నాయి, వయసు ఇరవై దాకా ఉంటుంది. ఎదిగిపోయి కూడా ఇంతే ఉందంటే అది టీ రెక్స్ కాదు, నానోటైరనస్ అనే విడి జాతి అన్నారు. జేన్‌ని కూడా అటువైపే లాగి, నానోటైరనస్‌లోనే ఇంకో జాతిగా పేరు పెట్టారు. గమనించాల్సింది, 2020 వాళ్ల లెక్క తప్పని తేలలేదు. జేన్ కుర్రదే. ఏ జాతి కుర్రది అనేది గీతల్లో ఉండదు, వాళ్లు అక్కడిదాకా చాచి చదివారు.

తెలంగాణ నేలలో కూడా ఇలా చదవదగ్గ ఎముకలున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్‌ని స్కూల్ టూర్‌లో చూడని పిల్లలు తక్కువ. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి దొరికితే కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం అది. దానికంటే పాతవి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి శిలలు, సుమారు 20 కోట్ల ఏళ్లకి పైబడినవి. వాటిలో పంథాసారస్ మలేరియెన్సిస్ దొరికింది. పేరులో సారస్ ఉన్నా డైనోసార్ కాదు, మొసలిలా బల్లపరుపు తల ఉన్న భారీ ఉభయచరం, కప్పలకి దూరపు చుట్టం. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు విదేశీయులతో కలిసి దాని ఎముకలు కోసి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు అడిగిన ప్రశ్న వయసు ఒక్కటే కాదు. పోలండ్‌లో, మొరాకోలో దొరికిన దాని దగ్గరి బంధువుల ఎముకల పక్కన పెట్టి, అప్పటి వాతావరణం ఈ జంతువు పెరుగుదల మీద ఏ ముద్ర వేసిందని అడిగారు. ఆ మాటకొస్తే గీతలు నిజాయితీగా చెప్పగలిగేది ఇదే, వయసు మనం వాటినుంచి పిండుకునేది.

వయసు తెలిసి ఏం చేస్తారు? ఒక జంతువు వయసు తెలిస్తే పెద్దగా ఏమీ లేదు, యాభై తెలిస్తే కథ మారుతుంది. మాంటానాలో మైయాసారా అనే శాకాహార డైనోసార్ వెనక కాళ్లలో మోకాలి కింది ఎముకలు యాభై కోసి, ఏ వయసులో ఎన్ని చనిపోయాయో వుడ్‌వర్డ్ బృందం 2015లో పట్టిక వేసింది. పుట్టిన ఏడాదిలోనే నూటికి తొంభై పోయేవి. ఏడున్నర కోట్ల ఏళ్ల కిందటి మందకి జనాభా లెక్కలు తీసినట్టు.

తాబేళ్లకయితే ఈ పట్టిక ఇవాళ్టి అవసరం. 1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ లాగర్‌హెడ్ తాబేళ్ల మీద ఒక లెక్క వేశారు. అప్పటిదాకా తాబేళ్లని కాపాడటమంటే గుడ్లకి కాపలా కాయడమే. ఈడు రావడానికి అన్నేళ్లు పట్టే జంతువులో గుడ్లన్నీ కాపాడినా సంతతి తరుగుతూనే ఉంటుందనీ, వలల్లో చచ్చిపోయే పెద్ద పిల్లల్ని కాపాడితేనే నిలబడుతుందనీ ఆ లెక్క చెప్పింది. ట్రాలర్ వలలో కమ్మీల చట్రం, తాబేలు జారిపోయే కిటికీ బిగించాలనే పట్టుదలకి బలం అక్కడి నుంచి వచ్చింది. అది లేని దేశాల సముద్రపు రొయ్యల్ని కొనబోమని అమెరికా అంటే, 1990ల్లో మన దేశం ఇంకో మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ గుమ్మం ఎక్కింది కూడా.

ఇంతకీ ఉప్పాడ ఒడ్డున పడి ఉన్నది వందేళ్లదా? ఉత్తర మధ్య పసిఫిక్‌లో చనిపోయిన ఆలివ్ రిడ్లేల భుజపు ఎముకలు చూసి జుగ్, ఇంకో ఇద్దరు 2006లో వేసిన అంచనా ప్రకారం ఇవి గుడ్లు పెట్టే ఈడుకొచ్చేది సుమారు 13 ఏళ్లకి, కొన్ని 10కే, కొన్ని 18కి. పసిఫిక్ లెక్కని బంగాళాఖాతానికి ఉన్నదున్నట్టు తగిలించకూడదు, కాస్త అటూ ఇటూ అనుకుందాం. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో అటవీశాఖ వాళ్లు గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు స్కూల్ పిల్లల్ని పిలుస్తారు. ఈ వేసవిలో నాలుగో తరగతి పిల్ల ఒకతి ఇసుక మీద వదిలిన తాబేలు పిల్ల, ఆడదై, బతికి బట్టకట్టి, గుడ్లు పెట్టడానికి మొదటిసారి ఒడ్డెక్కేసరికి ఆ పిల్ల డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చేవాటిలో చాలావాటికి అదే మొదటి రాక అయి ఉండొచ్చు.